సాంబమూర్తికి స్కోరు లేదు

వరంగల్ చౌరస్తా నుంచి బట్టలబజారుకు పోయే దారిలో సాంబమూర్తికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. వాళ్ల నాయిన రాగి, ఇత్తడి అమ్మిన కాలం నుంచీ ఉన్న దుకాణమే. బిందెలు, గిన్నెలు ఆ బజార్లో ఇంకా చాలామంది అమ్ముతారు గానీ, బిందెతో పాటు ఒక నీతిని ఉచితంగా ఇచ్చేది మాత్రం సాంబమూర్తి ఒక్కడే. "నా జిందగీల ఒక్క రూపాయి అప్పు చెయ్యలే" అనేది ఆ నీతి. కుక్కర్ కొనడానికి వచ్చిన కొత్త పెళ్లికూతురికి చెప్తాడు. గ్యాస్కెట్టు మార్పించుకోవడానికి వచ్చిన ముసలమ్మకు చెప్తాడు. వానకు షట్టరు కింద నిలబడ్డ దారినపోయే మనిషికీ చెప్తాడు. ఆ మనిషి వాన తగ్గకముందే వెళ్లిపోతాడు.

దుకాణానికి ఎదురుగా ఉప్పలయ్యది ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. ఉప్పలయ్య సంసారం మొత్తం వాయిదాల మీదనే నడుస్తుంది. బండి వాయిదా, ఫ్రిజ్ వాయిదా, కొడుకు ఫోను వాయిదా. ఆఖరికి వేలికున్న ఉంగరం కూడా వాయిదాల్లోనే మెరుస్తుంటుంది. సాంబమూర్తి నీతికి ఉదాహరణ కావలసి వచ్చినప్పుడల్లా చెయ్యి ఎదురు దుకాణం వైపు పోతుంది. "ఆయన పండుకునే మంచం సుత బ్యాంకుదే" అంటాడు. ఉప్పలయ్య వింటాడు, నవ్వుతాడు, చెయ్యి ఊపుతాడు. తనను చూపించి బోధించేవాళ్ల మీద కోపం తెచ్చుకునేంత తీరిక ఆయనకు ఎప్పుడూ లేదు.

అలాంటి సాంబమూర్తి ఇంటికి కోడలుగా వచ్చింది మహిత. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం, మంచి జీతం, నెమ్మదైన మాట. ఇవన్నీ ఆయనకు నచ్చాయి. నచ్చనివి ఆమె పర్సులో ఉన్న మూడు క్రెడిట్ కార్డులు. ఆయన దృష్టిలో అవి ఇంట్లో తిరిగే మూడు పాములు. వాటిలో ఏ ఒక్కటి కరిచినా మందు లేదని ఆయన నమ్మకం. కరవకుండా వాడుకోవచ్చని మహిత నమ్మకం. ఈ ఇద్దరి మధ్యా సాయికిరణ్ ఉన్నాడు. సాంబమూర్తికి ఒక్కడే కొడుకు, మహితకు భర్త, తండ్రితో పాటు దుకాణంలో కూర్చుంటాడు. అతనికి దేని మీదా నమ్మకాలు లేవు. పెరుగన్నం తిని ఊరుకుంటాడు.

ఫ్లాటు ఆలోచన మహితదే. వాళ్లుంటున్న పాత ఇల్లు ఇరుకు సందులో ఉంది. వంటిల్లు కింద, పడకగదులు పైన. మెట్లు ఎంత నిటారుగా ఉంటాయంటే ఎక్కేవాళ్ల మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. అత్తగారు పద్మకు అంతకుముందు ఏడాదే ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. ఆమె పొద్దున దిగితే మళ్లీ రాత్రే ఎక్కేది. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలంటే వంటింట్లో గోనెసంచి పరుచుకునేది. అది చూసి చూసి మహిత మడికొండలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో ఒక ఫ్లాటు చూసింది. ఐదో అంతస్తు, తూర్పు ముఖం, రెండు లిఫ్టులు. ఆమె, సాయికిరణ్ తమ పొదుపులోంచి అడ్వాన్సు కట్టారు. మూడు నెలల్లో లోను తెచ్చుకోవాలనీ, లేకపోతే అడ్వాన్సు వాపసిచ్చి ఫ్లాటు వేరేవాళ్లకు ఇచ్చేస్తామనీ బిల్డర్ ఆఫీసువాళ్లు చెప్పారు.

లోను కోసం సుబేదారిలోని బ్యాంకుకు అందరూ కలిసి వెళ్లారు. సాంబమూర్తి ఇస్త్రీ ధోవతి కట్టుకొని, కండువా వేసుకొని, ఇంటి పరువంతా భుజం మీద మోస్తూ వచ్చాడు. లోన్ ఆఫీసరు పేరు రాంప్రసాద్. మర్యాదస్తుడు. చెడ్డ వార్త చెప్పేముందు అందరికీ మంచినీళ్లు ఇప్పించాడు.

"మేడమ్, మీ జీతం మంచిగుంది. ఒక్క నెల కూడా లేటు చెయ్యలేదు. కాని క్రెడిట్ స్కోరు ఏడు వందల కిందనే ఆగింది. మూడు కార్డులు అంచుదాకా నిండినయ్. అట్ల నిండితే ఈమెకు చేతిల పైసలు ఆడుతలేవు అనుకుంటది సిస్టమ్. అందుకే స్కోరు తగ్గుతది."

సాంబమూర్తి గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ, తనను తాను అభినందించుకున్నాడు. ముప్పై ఏళ్ల బోధనకు బ్యాంకు ముద్ర పడింది.

"ఆమె సంగతి ఇడిచిపెట్టున్రి సార్" అన్నాడు. "నా పేరు కూడ రాసుకోన్రి. సాంబమూర్తి అంటె బజార్ల ఎవలన్న చెప్తరు."

రాంప్రసాద్ ఆయన పాన్ కార్డు నంబరు కొట్టాడు. తెర వైపు చూశాడు. పొరపాటు పడ్డానేమోనని మళ్లీ కొట్టాడు.

"సార్, మీది మైనస్ ఒకటి చూపిస్తాంది."

"అంటె?"

"అంటె మీకు చరిత్ర లేదు సార్."

"చరిత్ర లేదా? మా తాత ముత్తాతలది సుత గదే బజారు. అజంజాహి మిల్లు నడిచిన నాటి సంది మా దుకాణం ఉన్నది."

"ఆ చరిత్ర కాదు సార్. అప్పు తీసుకున్న చరిత్ర. మీరు ఎన్నడన్న తీసుకొని కట్టి ఉంటే, కట్టే మనిషి అని మాకు తెలుస్తది. తీసుకోనే లేదనుకోండి, ఎట్ల తెలుస్తది?"

"అప్పే తీసుకోనోడు ఎగ్గొట్టుడు ఎట్లయితది?"

"కట్టుడు కూడా కాదు కద సార్" అన్నాడు రాంప్రసాద్, నిజంగానే బాధపడుతూ.

సాంబమూర్తి మంచినీళ్లు తాగాడు. సున్నా అన్నా ఏదోలా ఓర్చుకునేవాడు. సున్నాకు కూడా ఒక అంకె కింద నిలబెట్టారు తనను.

రాంప్రసాద్ మహిత వైపు తిరిగి దారి చెప్పాడు. "మూడు కార్డుల బాకీ మొత్తం కట్టేయండి. మీరు కట్టిన సంగతి పైన స్కోరు ఇచ్చేటోళ్లకు చేరేదానికి ఒక నెలో, నెలన్నరో పడతది. మీకు ఒక్క లేటు కూడా లేదు కాబట్టి స్కోరు తప్పకుండ లేస్తది. ఏడు వందల యాభై దాటితే తక్కువ వడ్డీకి ఇస్తం. కాని ఒక్క మాట. కట్టి ఊకోండి. ఇంకేం చెయ్యకున్రి."

ఆ రోజు ఇంటికి వచ్చాక సాంబమూర్తి కండువా కూడా తీయకుండా మొదలుపెట్టాడు. ఫోన్లో చీరలు, ఫోన్లో చెప్పులు, ఫోన్లో బిర్యానీ, అన్నీ కలిసి ఇంటి పరువును సుబేదారిలో నిలబెట్టి తీశాయన్నాడు. మహిత వింటూ నిలబడింది. వంటింట్లోంచి పద్మ కుంటుకుంటూ బయటికి వచ్చింది.

"అయిపోయిందా నీది?" అంది. "నా మోకాలు ఆపరేషన్‌కు దవాఖానల పైసలు ఎవలు కట్టిన్రనుకున్నవ్?"

"ఇన్సూరెన్సోళ్లు."

"ఆళ్లు కట్టేదాక కత్తి పట్టం అన్నరు డాక్టర్లు. నువ్వేమో మాలు తేవడానికి మద్రాసుల ఉంటివి. నా కోడలు మూడు కార్డులు గీకింది. ఇన్సూరెన్సోళ్లు తర్వాత సగమే ఇచ్చిన్రు. మిగిలింది వడ్డీలు పిల్లలు పెట్టుకుంట కూసున్నది. నీకు చెప్తె నీ బీపీ పెరుగుతదని ఊకున్నం."

సాంబమూర్తి కండువా తీసి కొంకికి తగిలించాడు. ఆ రాత్రి ఎవరికీ నీతి చెప్పలేదు. మరుసటి రోజు బ్యాంకుకు పోయి తన రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో పెద్దది తీసి, పైసలు మహిత ఖాతాలో వేయించాడు. ఏమీ అనకుండా ఇచ్చాడు. మహితకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రమే మూడు కార్డుల బాకీ మొత్తం కట్టేసింది.

రాంప్రసాద్ చెప్పినట్టే అయింది. మొదటి నెల ఏం కదల్లేదు. ఆ తర్వాత ఒక రోజు ఫోన్లో చూసుకుంటే స్కోరు ఏడు వందల అరవై నాలుగు. మహిత ఆఫీసు నుంచి వస్తూ కాజీపేటలో ఆగి జిలేబీ తెచ్చింది. రాంప్రసాద్ ఫోన్లోనే సంతోషపడి, బిల్డర్ కాగితాలు వకీలు చూడటం పూర్తయితే లోను మంజూరు చేస్తాననీ, మంజూరు రోజు స్కోరు ఇంకొకసారి చూస్తామనీ చెప్పాడు.

కథ ఇక్కడ ఆగి ఉంటే అందరూ సుఖంగా ఉండేవారు. కాని డబ్బిచ్చిన మనిషికి జిలేబీ తిన్నంత మాత్రాన తృప్తి ఉండదు. సాంబమూర్తి మౌనం సరిగ్గా స్కోరు పెరిగేదాకానే నిలిచింది. పెరిగింది మహిత స్కోరే అయినా, పెంచింది తానే కదా. పాముల విషం తీశాడు, ఇక పాములే మిగిలాయి.

"బిడ్డా" అన్నాడు ఒక రోజు అన్నం తినేటప్పుడు. "గా కార్డులు బందు పెట్టు. మూడింటికి మూడు."

"బాకీ ఏం లేదు మామయ్యా ఇప్పుడు. ఉత్తగ ఉంటయ్. ఉత్తగ ఉంటెనే మంచిది. అవన్నిటి లిమిటు కలిపి లెక్క కడతరు. బందు పెడితె లిమిటు తగ్గుతది, అప్పుడు చిన్న ఖర్చు కూడ పెద్దగ కనపడతది."

"సీసాల సారా పెట్టుకొని నేను తాగ అంటె ఎవడు నమ్ముతడు?"

"రాంప్రసాద్ సార్ ఇంకేం చెయ్యొద్దన్నడు గద."

"ఆయన బ్యాంకోడు. కార్డులు ఉండాల్నని ఆయన అనకపోతె ఎవలంటరు? నేను నీకు పైసలు ఇచ్చింది మల్ల గీకనీకి కాదు."

ఆ చివరి మాటతో మహిత నోరు మూతపడింది. సాయికిరణ్ వైపు చూసింది. సాయికిరణ్ పెరుగన్నంలో ఊరగాయ బద్ద కోసం శ్రద్ధగా వెతుకుతున్నాడు. తెల్లారి ఆమె ఫోన్లు చేసి రెండు కార్డులు బందు పెట్టించింది. అవతల ఉన్న అమ్మాయి "ఎందుకు మేడమ్, మీకు మంచి లిమిట్ ఉంది" అని మూడుసార్లు అడిగింది. మహిత దగ్గర బయటివాళ్లకు చెప్పుకోగల కారణం లేదు. చిన్న లిమిటున్న మూడో కార్డు మాత్రం ఆఫీసు పనులకు కావాలని పట్టుబట్టి ఉంచుకుంది. సాంబమూర్తి పెద్దమనసుతో ఒప్పుకున్నాడు.

ఆ వారంలోనే ఆయనకు కాశీ మీద మనసు పోయింది. పద్మకు నడక కొంచెం కుదుటపడింది, దుకాణంలో బేరాలు మందకొడిగా ఉన్నాయి. బజారులోని మిత్రులు కూడా వస్తామన్నారు. నాలుగు జంటలు కలిసి ఎనిమిది మంది. "మీరెవలు ఫికర్ చెయ్యకున్రి, మా కోడలు ఫోన్ల అన్ని చేస్తది" అని సాంబమూర్తి అందరికీ మాటిచ్చాడు. మాటివ్వడంలో ఆయన ఎప్పుడూ వెనకాడలేదు. కాజీపేట నుంచి ఏసీ టికెట్లు, అక్కడ గంగకు దగ్గర్లో హోటలు, పడవ, కారు. ఉప్పలయ్యా వస్తానన్నాడు గాని, భార్యాభర్తలిద్దరి టికెట్లూ తన కార్డు మీదే తీసుకున్నాడు. దాని మీద పాయింట్లు వస్తాయట. సాంబమూర్తి జాలిపడ్డాడు. "తీర్థయాత్రకు సుత అప్పేనా ఉప్పలయ్యా" అన్నాడు.

మిగిలిన ఆరుగురివీ మహిత చెయ్యాలి.

"మామయ్యా, ఒక్కటే కార్డు మిగిలింది. ఇవన్నీ చేస్తె అది నిండిపోతది. పైసలు జర ముందే ఇస్తె, బిల్లు తయారు కాకముందే కట్టేస్త" అంది.

"అందరి దగ్గర వసూలు చెయ్యాలె గద. పోయొచ్చినంక ఒక్కసారి ఇస్త. నేనేమన్న పారిపోతాన్నా?"

పారిపోడు. ఆ సంగతి బజారంతటికీ తెలుసు. మహిత తన ఖాతాలో ఉన్నదాంతో కట్టేద్దామనుకుంది గాని, అది అప్పటికే రిజిస్ట్రేషన్ ఖర్చులకని తీసిపెట్టింది. కార్డు మీదే బుక్ చేసింది. కార్డు మెడదాకా నిండింది.

కాశీయాత్ర బ్రహ్మాండంగా జరిగింది. సాంబమూర్తి గంగలో మూడు మునకలు వేసి, ఆశపడే గుణాన్ని వదిలేశానని ప్రకటించాడు. తిరిగి వచ్చిన నాలుగో రోజున, అందరి దగ్గరా వసూలు చేసిన పైసలు రబ్బరు బ్యాండు వేసి మహిత చేతిలో పెట్టాడు. లెక్కలో పైసా తేడా లేదు. అప్పటికే బిల్లు వచ్చి ఉంది. గడువుకు ఇంకా వారం ఉండగానే మహిత మొత్తం కట్టేసింది. వడ్డీ లేదు, ఆలస్యం లేదు. లోకంలో ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు.

బిల్డర్ కాగితాలు సరిగ్గా అప్పుడే తేలాయి. రాంప్రసాద్ ఫోన్ చేసి మహితను ఒకసారి రమ్మన్నాడు. ఆమె లంచ్ టైములో సుబేదారి వెళ్లింది. ఆయన మళ్లీ మంచినీళ్లు ఇప్పించాడు. దాంతోనే ఆమెకు అర్థమైపోయింది.

"ఏడు వందల ఇరవై ఎనిమిది మేడమ్. నేను కట్టి ఊకోమన్న కద?"

"మళ్ల మొత్తం కట్టేసిన సార్. ఒక్క రూపాయి లేదు."

"ఇప్పుడు లేదు. బిల్లు తయారైననాడు ఎంత బాకీ ఉందో, పైనుంచి మాకు అదే వస్తది. ఆనాడు మీ కార్డు నిండుగ ఉంది. మిగతా రెండు కార్డులు బందు పెట్టిన్రు. ఉన్న ఒక్క కార్డు నిండితే మీది మొత్తం నిండినట్టే. వచ్చే బిల్లుకు మళ్ల లేస్తది. కాని ఇయ్యాల మంజూరు చెయ్యమంటె వడ్డీ ఎక్కువ పడతది. ఆ వడ్డీకి మీకు వచ్చే లోను కూడా తగ్గుతది. మిగిలింది మీరు చేతి నుంచి పెట్టుకోవాలె."

చేతి నుంచి పెట్టడానికి ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్టు కార్డులకు పోయింది. బిల్డర్ ఆఫీసుకు ఫోన్ చేస్తే గడువు ఆ వారంతో సరి అన్నారు. మహిత తిరిగి ఆఫీసుకు పోలేదు. ఆటో ఎక్కి నేరుగా దుకాణానికి వచ్చింది.

దుకాణంలో ఒకావిడ ఇడ్లీ పాత్ర బేరం చేస్తోంది. సాంబమూర్తి అప్పటికే నీతిలోకి దిగాడు.

"నా జిందగీల ఒక్క రూపాయి అప్పు..."

"చేసిన్రు మామయ్యా" అంది మహిత, మెట్టు మీద నిలబడి.

ఇడ్లీ పాత్ర ఆవిడ తిరిగి చూసింది. సాయికిరణ్ గల్లా పెట్టె దగ్గర లేచి నిలబడ్డాడు.

"లోను ఆగిపోయింది. ఫ్లాటు పోయినట్టే." మహిత గొంతు పెంచలేదు. "కార్డులు బందు పెట్టొద్దంటె వినలే. పైసలు ముందు ఇయ్యున్రంటె వినలే. మీరు కాశీ పోయింది, మీ దోస్తులు కాశీ పోయింది నా కార్డు మీద. మూడు వారాలు. దాన్ని ఏమంటరు? బజార్ల ఎవలన్న గట్ల మీ దగ్గర సామాను పట్కపోయి మూడు వారాలకు పైసలిస్తె మీరేమంటరు?"

సాంబమూర్తి చేతిలోని ఇడ్లీ పాత్రను కింద పెట్టాడు. 

"మీరు పైసలిచ్చిన్రు. ఆ మాట నేను మరువ. కాని ఇచ్చిన పైసలతోని నా నోరు కూడ కొన్నట్టు చేసిన్రు" అంది.  సాయికిరణ్ దగ్గరికి రాబోయాడు. "నువ్వు ఊకో. నువ్వు ఊకున్నందుకే ఇంతదాక వచ్చింది" అని దిగి వెళ్లిపోయింది.

ఇడ్లీ పాత్ర ఆవిడ బేరం ఆపేసి, చెప్పిన ధర ఇచ్చి, పాత్ర తీసుకొని పోయింది. ఆ దుకాణం చరిత్రలో అది అరుదైన సంగతి. సాంబమూర్తి గమనించలేదు.

పది రోజుల తర్వాత ఎదురు దుకాణం నుంచి ఉప్పలయ్య లడ్డూల డబ్బా పట్టుకొని రోడ్డు దాటాడు.

"అన్నా, నోరు తీపి చేసుకో. మడికొండల ఫ్లాటు తీసుకున్న. కాశీల ఉన్నప్పుడు మీ కోడలు చూసిన అపార్ట్‌మెంట్ అని మస్తు చెప్పినవు గద, పోయి చూస్తె నచ్చింది. ఎవలో ఇడిచిపెట్టిన్రట, ఐదో అంతస్తు, తూర్పు ముఖం."

సాంబమూర్తి లడ్డూ నోట్లో పెట్టుకున్నాడు. కాదనడం మర్యాద కాదు.

"లోను ఎట్ల ఇచ్చిన్రు నీకు?"

"నా స్కోరు ఎనిమిది వందలట అన్నా! బ్యాంకు సారే కుర్సీ జరిపి కూసోమన్నడు."

"గంత స్కోరు ఎట్ల వచ్చిందే నీకు?"

"అప్పులు చేసి" అన్నాడు ఉప్పలయ్య అమాయకంగా. "చేసి, తారీకు తప్పకుంట కట్టి. నువ్వు నన్ను చూపించి అందరికి చెప్తవు గద, అప్పులోడు అప్పులోడు అని. గా భయానికే ఒక్క వాయిదా తప్పలే అన్నా. నీ పుణ్యమే."

ఆ లడ్డూ మింగడానికి సాంబమూర్తికి చాలాసేపు పట్టింది.

ఆయన ఇంటికి పోయేసరికి మహిత పైన గదిలో ల్యాప్‌టాప్ ముందు ఉంది. ఆ పది రోజులూ ఆమె ఆయనతో మాట్లాడింది, కాని అడిగినదానికి మాత్రమే. కింద పద్మ గోనెసంచి మీద పడుకొని కనిపించింది. సాంబమూర్తి ఆమె కాళ్ల వైపు ఒకసారి చూసి మెట్లు ఎక్కాడు. సగంలో ఆగి రొప్పు తీర్చుకున్నాడు. తన మోకాళ్లు కూడా గడ్డానికి తగులుతున్నాయని ఆ రోజే గమనించినట్టున్నాడు.

"లోపలికి రావచ్చునా బిడ్డా?"

మహిత కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు.

"ఆ మూడు వారాలు నేను నీకు బాకీ ఉన్న" అన్నాడు. "నా నోటితోని చెప్పాల్నని వచ్చిన. పైసలు ఇచ్చిన గని మాట చెప్పలే. తప్పు నాదే. నీకు తెలిసిన పనిల నేను ఏలు పెట్టిన."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఉప్పలయ్య తీసుకున్నడు ఆ ఫ్లాటు."

"తెలుసు మామయ్యా. బిల్డర్ ఆఫీసోళ్లు చెప్పిన్రు."

"నాకు చెప్పకపోతివి?"

"మీ బీపీ పెరుగుతదని."

ఆ మాటకు ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. ఎక్కువసేపు నిలిచే నవ్వు కాదు. కాని వచ్చింది.

"నాకు సుత ఒక కార్డు ఇప్పియ్యి" అన్నాడు సాంబమూర్తి, గోడ వైపు చూస్తూ. "మైనస్ ఒకటితోని సావుడు నాకు ఇష్టం లేదు."

చరిత్ర లేనివాడికి ఊరికే కార్డు ఇవ్వరు. మిగిలిన ఒక చిన్న డిపాజిట్టు మీద ఇచ్చారు. అంటే తన పైసలను తానే తాకట్టు పెట్టి, తన పైసలను తానే అప్పు తెచ్చుకున్నాడు. ఇందులోని తెలివి ఏమిటో రాంప్రసాద్ రెండుసార్లు వివరించాడు. సాంబమూర్తి రెండుసార్లూ తల ఊపాడు. మహిత ఆయనకు నియమం పెట్టింది. నెల నెలా బీపీ మందులు మాత్రమే దీని మీద కొనాలి, బిల్లు తయారు కాకముందే కట్టెయ్యాలి. మొదటిసారి మెడికల్ షాపులో కార్డు తీసినప్పుడు ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాడు. ఇంటికి చేరేలోపు రెండుసార్లు మహితకు ఫోన్ చేసి కట్టమన్నాడు.

మహిత స్కోరు తర్వాతి బిల్లుకే మళ్లీ లేచింది. అదే అపార్ట్‌మెంట్లలో రెండో అంతస్తులో పడమటి ముఖం ఫ్లాటు ఒకటి దొరికింది. ఈలోపు ధర కొంత పెరిగింది. ఆ పెరిగింది ఎవరి ఖాతాలో రాయాలో అందరికీ తెలుసు గాని ఎవరూ రాయలేదు. ఈసారి లోను మంజూరు కాకముందే సాయికిరణ్ తండ్రికి ఎదురు కూర్చొని, "బాపు, మహిత చెప్పేదాక ఏం చెయ్యకు" అని తన జీవితంలోనే పొడుగాటి వాక్యం అన్నాడు. ఇంట్లోకి దిగిన రోజు పద్మ లిఫ్టులో పైకి, కిందికి నాలుగుసార్లు తిరిగింది. మధ్యలో ఉప్పలయ్య ఎక్కితే "ఐదా?" అని తానే మీట నొక్కింది. పడమటెండ సాయంత్రమంతా హాల్లోనే ఉంటుంది. సాంబమూర్తి దాన్ని గురించి ఒక్క మాట అనడు. అనే హక్కు లేదని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

దుకాణంలో మాత్రం నీతి ఆగలేదు, దారి మార్చుకుంది. "లిమిటుల ముప్పై శాతం దాటి వాడకున్రి, బిల్లు రాకముందే కట్టున్రి, పాత కార్డు బందు పెట్టకున్రి" అని ఇప్పుడు బిందెతో పాటు చెప్తున్నాడు. వినేవాళ్ల బాధలో మార్పేమీ లేదు.

ఏడు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం ఆయనకు ఫోన్ వచ్చింది. ఏదో బ్యాంకు నుంచి ఒక అమ్మాయి, హైదరాబాద్ నుంచట.

"సాంబమూర్తి గారా? సార్, మీ క్రెడిట్ స్కోరు చాలా బాగుంది. ఏడు వందల యాభై ఒకటి. మీలాంటి మంచి కస్టమర్‌కు మా బ్యాంకు ఐదు లక్షల పర్సనల్ లోను ఇవ్వడానికి సిద్ధంగా ఉంది సార్. కాగితాలు కూడా అక్కర్లేదు."

సాంబమూర్తి లేచి నిలబడ్డాడు. గల్లా పెట్టె మూసి, సాయికిరణ్‌ను పిలిచి, ఫోన్ స్పీకరు మీద పెట్టించాడు.

"నాకు లోను వద్దు బిడ్డా" అన్నాడు. "కాని గా మొదటి ముక్క, జర మల్లొక్కసారి చెప్పు."